ఆ లీజు వేరు, ఈ లీజు వేరు

“సోలారోళ్లు ఏనాడన్నా వచ్చి, మేమిచ్చిన డబ్బు మాకు తిరిగిచ్చేయండప్పా అని అడిగినారా? చెప్పు!”

పొద్దున లేచినప్పటి నుంచి పాపన్నది ఇదే పాట. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కొడుకు ఓబులేశ్ ఇంకా యూనిఫాం కూడా విప్పలేదు. సోలార్ ప్లాంటులో సెక్యూరిటీ పని అతనిది. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. తండ్రితో వాదం పెట్టుకునే ఓపిక అతనికి లేదు, వాదించకుండా ఉండే వీలూ లేదు.

“అడగలేదు నాయనా.”

“ఏటేటా లీజు పడతాండాదా, లేదా?”

“పడతాండాది.”

“పడినదాన్ని మనం ఖర్చు పెట్టుకుంటాండామా, లేదా?”

“పెట్టుకుంటాండాం.”

“మరి ఈ చందనప్పది ఏంది? ఇచ్చిన లీజు మళ్లా ఇమ్మంటాడు. నా చేతికిచ్చినాక అది నా లెక్క కాదా?”

“నాయనా, ఆ లీజు వేరు, ఈ లీజు వేరు.”

“లీజంటే లీజే. పేరు ఒకటే పెట్టి, రకాలు రెండుండాయంటే నేనెట్ల నమ్మల్ల?”

పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న హనుమంతమ్మ చేయి ఆపి మొగుడి వంక చూసింది. ఆయన మొండితనం ఆమెకు కొత్తది కాదు. పెళ్లయిన నాటి నుంచి దాంతోనే కాపురం చేస్తోంది. కానీ ఈరోజు ఆ మొండితనం వెనక ఏదో బెదురు కనిపించింది. తప్పు చేయలేదని గట్టిగా అరిచేవాడికి, చేశానేమోనన్న అనుమానం ముందే పట్టుకుని ఉంటుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బాడుగకిచ్చి చూడు అని ఇంకో ముక్క కలిపి ఉంటే పాపన్న లాంటి వాళ్లకు మేలు జరిగేది. కర్ణాటకలోని తమ ఊరు తిరుమణిలో ఉన్న మెట్ట చేను సోలార్ కంపెనీకి లీజుకిచ్చాడు. ఏటా వచ్చే ఆ లీజు పైకం కూడబెట్టి, కొంచెం కొంచెంగా పావగడలో రెండు వాటాల ఇల్లు కట్టాడు. కింది వాటాకు ఇప్పటికీ గచ్చు పడలేదు. పై వాటా పూర్తవగానే చందన్ అనే కుర్రవాడు భార్యతో వచ్చి చూసుకున్నాడు. చిత్రదుర్గం వైపు వాడు, ప్లాంటులో సూపర్‌వైజర్. “నెల నెలా బాడుగ వద్దు, లీజుకివ్వండి” అన్నాడు. లీజు అన్న మాట వినగానే పాపన్నకు ప్రాణం లేచి వచ్చింది. కన్నడంలో రాసిన కాగితం మీద అడిగిన చోటల్లా సంతకం పెట్టాడు. మూడు లక్షలు చేతికొచ్చాయి. ఇంటికొచ్చి “లీజు వచ్చింది” అన్నాడు.

ఆ ఒక్క మాటను ఇంట్లో తలా ఒక రకంగా అర్థం చేసుకున్నారు. అది ఆ ఏటి సోలార్ లీజు అనుకున్నాడు ఓబులేశ్. తరువాత పెళ్లయి వచ్చి ఆ మాట విన్న కోడలు నేత్రావతి, మామ ఆ డబ్బు బ్యాంకులో భద్రంగా వేసి ఉంటాడు అనుకుంది. హనుమంతమ్మ అసలేమీ అనుకోలేదు. మొగుడి ముఖంలో నవ్వు చూసి చాలా కాలమైంది. ఆ నవ్వునే చూస్తూ ఉండిపోయింది.

ఆ డబ్బుతో పాపన్న గొర్రెలు కొన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, ఆ బాపతు. కాకపోతే అది అత్త సొమ్మని ఈ అల్లుడికి తెలియదు.

ఇప్పుడు చందన్‌కు బదిలీ అయింది. నిన్న వచ్చి, “అంకుల్, మా లీజ్ అమౌంట్ రెడీ చేసుకోండి” అని నవ్వుతూ చెప్పిపోయాడు. నిన్నటి నుంచి ఈ ఇంట్లో ఎవరికీ ముద్ద సరిగా దిగలేదు.

“భోగ్యం అనుకో మామా,” అంది నేత్రావతి, గడప దగ్గర నిలబడి, మెల్లగా. “ముందే పెద్ద మొత్తం ఇచ్చి ఇంట్లో ఉంటారు. బాడిగ ఇయ్యరు. పోయేటప్పుడు ఆ మొత్తం మనం తిరిగియ్యల్ల. పావగడలో దాన్నే లీజంటారు.”

“భోగ్యమైతే భోగ్యమనల్ల కదమ్మా! మా నాయన కాలంలో భోగ్యానికి పెట్టినోళ్లు లేరా? లెక్క కట్టి చేను ఇడిపించుకునేది నాకు తెలీదా? ఆ మాట అనకుండా లీజని ఎందుకన్యాడు ఆ పిల్లోడు?”

 నేత్రావతి పావగడ కాలేజీలో పీయూసీ, అంటే ఇంటర్, చదివింది. ఆ ఊళ్లో అందరూ లీజనే అంటారు. ఎందుకంటారని అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఓబులేశ్ టోపీ తీసి మంచం మీద పడేశాడు.

“ఇంగ మాటలొద్దు నాయనా. గొర్రెలమ్మాల్సిందే.”

 వెనక దొడ్డిలోంచి గొర్రెల అరుపులు వినిపించాయి. ఎండెక్కుతున్నా ఇంకా మేతకు వదల్లేదని వాటి గోల వాటిది.

పాపన్న లేచాడు. మూలన ఉన్న కట్టె తీసుకున్నాడు, కంబళి భుజాన వేసుకున్నాడు, దొడ్డి వైపు నడిచాడు.

“సంగటి తిని పోప్పా,” అంది హనుమంతమ్మ.

ఆయన వినిపించుకోలేదు. గొర్రెలు తలుపు దాటుతుంటే దేన్నో పేరు పెట్టి పిలవడం మాత్రం వినిపించింది. అరుపులు క్రమంగా సోలార్ కంచె వైపు వెళ్లిపోయాయి.

“ఆ మాట అట్ల మొగానే అనల్లనా?” అని కొడుకు మీద విరుచుకుపడింది హనుమంతమ్మ.

“ఇంకెట్ల అనల్లమ్మా? మూడు లక్షలు యాడ పుడతాయి మనకు? ఇయ్యకుంటే ఆ ఇంటి బీగం చెవి ఆయప్ప దగ్గరే ఉంటాది. మన ఇల్లే, మనం లోపలికి పోయేకి లేదు.”

“ఉండనీలే కొన్నాళ్లు.”

“ఆయప్ప ఈడుంటే కదమ్మా ఉండనిచ్చేకి! పోయిన ఊళ్లో ఇల్లు తీసుకోవల్లంటే ఆయప్పకూ ఈ లెక్కే దిక్కు.”

హనుమంతమ్మ సంగటి దించి, మూత పెట్టి, అక్కడే కూర్చుండిపోయింది. ఆమెకు ఇల్లు గురించి బెంగ లేదు. బెంగంతా మనిషి గురించే.

చేను సోలార్ వాళ్లకు పోయిన కొత్తలో అంతా బాగానే ఉందనుకుంది. వాన కోసం ఆకాశం వైపు చూసే పని తప్పింది, అప్పులు తీరాయి. కానీ పాపన్న మాత్రం పొద్దున లేచి అరుగు మీద కూర్చుంటే పొద్దుగూకే దాకా అక్కడే ఉండేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. తిన్నావా అంటే తిన్నాననేవాడు, తినకపోయినా సరే. ఒంట్లో ఏ జబ్బూ లేదని పావగడ డాక్టరు చెప్పాడు. చేయడానికి పని లేకపోవడమే ఆయన జబ్బు. తాతల నాటి నుంచి గొర్రెల వెంట తిరిగిన వంశం; ఆ గొర్రెలు మళ్లీ దొడ్డిలోకి వచ్చిన రోజే ఆయన మనిషయ్యాడు. గొర్రెలు పోతే మళ్లీ ఆ అరుగే గతి. ఈసారి అక్కడి నుంచి లేస్తాడన్న నమ్మకం ఆమెకు లేదు.

“నేత్రా, చీర మార్చుకో,” అని లేచింది. “పావగడకు పోదాం.”

“ఏంటికత్తా?”

“చందనప్ప పెండ్లాంతో మాట్లాడతా. ఆడోళ్లం ఆడోళ్లం మాట్లాడుకుంటే ఏదో ఒక దారి దొరుకుతాది. కొంచెం గడువడుగుతా.”

* * *

పై వాటా తలుపు తీసే ఉంది. గడప ముందు సన్నని ముగ్గు, మెట్ల పక్కన రంగు డబ్బాలో తులసి మొక్క. లోపల సగం సామాను గోనెసంచుల్లోకి చేరింది. చందన్ భార్య రంజిత గిన్నెలను పాత చీర గుడ్డలో చుడుతోంది. వీళ్లను చూడగానే లేచి, చాప పరిచి, వద్దంటున్నా కాఫీ పెట్టింది. ఆమెది కన్నడం కలిసిన తెలుగు.

“రాండమ్మా, రాండి. ఇల్లంతా గలీజుగా ఉండాది, తప్పు తిళ్కోబేడి, ఏమీ అనుకోకండి.”

హనుమంతమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ఇల్లంతా చూసింది. తన ఇల్లే, కానీ చుట్టపు చూపుగా వచ్చినట్టుంది. వంటగది గోడకు నూనె మరక లేదు. కుళాయి కింద పాచి లేదు.

“గోడకు ఒక మేకు కూడా కొట్టలేదమ్మా,” అంది రంజిత. “పటాలు కూడా టేపుతోనే అంటించినా. కావాలంటే చూసుకోండి. మీ ఇల్లు మీకు ఎట్లుండేదో అట్లే ఇస్తా.”

“చూసేదేముండాదమ్మా, కనపడతానే ఉండాది.”

గడువు మాట నోటి దాకా వచ్చింది. అప్పుడే ఆ పిల్ల గిన్నె అందుకోవడానికి వంగింది. మెడలో పసుపుతాడు ఒక్కటే ఊగింది.

“గొలుసేమాయమ్మా?” అని అడిగేసింది హనుమంతమ్మ. పెద్దవాళ్లకు ఇలాంటివి అడగడానికి మొహమాటం ఉండదు.

“ఈ ఇంటి కోసమే కుదువ పెట్టినాం కదమ్మా. బ్యాంకులో ఉండాది. కొంచెం మా అత్తమ్మ ఇచ్చింది.” రంజిత మామూలుగానే చెప్పింది, ఫిర్యాదేమీ లేదు. “ఆమెనే లీజుకు తీసుకోమన్నది. బాడిగైతే పోయిన లెక్క, మళ్లా రాదు. లీజైతే ఉన్నన్ని దినాలు ఉండి, మన డబ్బు మనం తీసుకుని పోవచ్చునంట.”

మన డబ్బు మనం. హనుమంతమ్మ కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. నోరు చుర్రుమంది. తమ ఇంటిని ఈ పిల్ల మేకు కూడా కొట్టకుండా కాపాడింది. ఈ పిల్ల మెడలో గొలుసును తాము గొర్రెలుగా మార్చి కంచె వెంట మేపుకుంటున్నారు. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“ఎప్పుడు పోతారమ్మా?” అని మాత్రం అడగగలిగింది.

“మీరు డబ్బు ఇచ్చిన మరుసటి దినమే.”

మెట్లు దిగేటప్పుడు నేత్రావతి అత్త మోచేయి పట్టుకుంది.

“గడువడగలేదేమత్తా?”

“ఎట్లడిగేదే? నువ్వైతే అడుగుతావా?”

* * *

నేత్రావతి మేనమామ నాగప్పకు పావగడలో ఇనుప సామాన్ల అంగడి ఉంది. అంతకు మించి, బాడుగకిచ్చిన ఇళ్లు వీధికొకటి ఉన్నాయి. సంగతంతా విని మొదట కడుపుబ్బ నవ్వాడు.

“సోలారు లీజు మింగిన నోటితో ఇంటి లీజు కూడా మింగినాడా పాపన్న!”

హనుమంతమ్మ ముఖం చూశాక నవ్వు ఆపుకుని, స్టూలు ముందుకు జరిపాడు.

“కూర్చో వదినా. ఇయ్యాలన్నా తెలుసుకో. లీజు లెక్క అంటే పక్కింటోళ్ల కోడి. మన గూట్లో పండుకుందని కోసుకుని తింటామా? పొద్దున్నే తలుపు తీస్తే వాళ్ల ఇంటికి అది పోయేదే. అడ్వాన్సు కూడా అంతే. బాడిగ ఒకటే మనది.”

“మాకెట్ల తెలుస్తాదప్పా?”

“అడిగితే తెలుస్తాది. ఇల్లు కట్టేటప్పుడు ఇనుప కమ్మీ రేటు అడిగేకి వారం వారం వచ్చినాడు పాపన్న. కట్టినాక ఏం చేయల్లో ఒక్కనాడన్నా అడిగినాడా? ఇల్లు లేపేస్తే నెల నెలా లెక్క రాలతాదనుకుంటారు అందరూ. ఇల్లు కూడా జీవమే వదినా. నీ గొర్రె మాదిరే. పాలిచ్చే కాలముంటాది, ఒట్టిపోయే కాలముంటాది. ఒకరు పోయి ఇంగొకరు వచ్చేలోపల నెలో రెండు నెలలో తాళం పడతాది. మోటారు కాలతాది, ట్యాంకు పగలతాది. పాలిచ్చేటప్పుడే ఆ దినాలకని కొంచెం పక్కన పెట్టుకోవల్ల. అంతా తాగేస్తే ఎట్ల?”

హనుమంతమ్మకు ఈ మాట సూటిగా తగిలింది. గొర్రె ఒట్టిపోవడం ఆమెకు తెలుసు. ఇల్లు ఒట్టిపోతుందని ఎవరూ చెప్పలేదు.

నాగప్పకు ఎదురుగా వినేవాళ్లుంటే చాలు, ఇంక ఆగడు. కస్టమరు మేకులు తూచమంటే చేత్తో ఆగమన్నాడు.

“మీ తిరుమణిలోనే చూడు. ప్లాంటు కట్టేటప్పుడు పనోళ్లను నమ్ముకుని వరసగా రూములు లేపినారు. మంచానికింత అని వసూలు చేసినారు. పనైపోయె, పనోళ్లు లారీ ఎక్కి పోయిరి. ఇప్పుడు ఆ రూముల్లో ఎలుకలుండాయి బాడిగకు. ఊరిని నమ్ముకున్నోళ్లకియ్యల్ల ఇల్లు. అంగడి పెట్టుకున్నోళ్లు, ఇస్కూలు మేష్టర్లు, ఆస్పత్రోళ్లు. వచ్చేవాళ్లు కూడా ముందు గచ్చు చూడరు, నీళ్లెట్ల అని అడుగుతారు. పాపన్న సంపు తవ్వించినాడా?”

“చిన్నది తవ్వించినాడు.”

“పెద్దది చేయమను. కింది వాటాకు గచ్చు తర్వాత, ముందు సంపు. కాగితం నేత్రావతి చదివి అర్థం చెప్పినాకే పాపన్నను సంతకం చేయమను. ఇంగోటి, మన ఇల్లే కదా అని పొద్దూ మాపూ పోయి తలుపు కొట్టగూడదు. వాళ్లున్నన్ని దినాలు అది వాళ్ల ఇల్లే.”

“ఇదంతా బాగుండాది నాగప్పా. ఇప్పుడు నా కొంప మునగతాండాదే, దానికేం చెప్తావు?”

నాగప్ప గడ్డం గోక్కున్నాడు. తరువాత ఫోను తీశాడు.

“మొబైల్ అంగడి ఈరేశ్ లీజుకు ఇల్లు కావల్లని నా ప్రాణం తీస్తాండాడు. మూడు లక్షలకు ఇంగో యాభై వేలేస్తాడు. ఆయప్ప లెక్క తీసుకుని చందన్‌కు ఇచ్చేయండి. మీ గొర్రెలు మీకుంటాయి.”

హనుమంతమ్మ గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. నేత్రావతి మాత్రం మేనమామ వంక వింతగా చూసింది.

“ఏం మామా, పక్కింటి కోడి అని ఇంతసేపూ చెప్పి, మళ్లా లీజేనా?”

“బావిలో పడినోనికి ముందు తాడియ్యల్ల పిల్లా. ఈత తర్వాత నేర్పుకోవచ్చు.”

“తాడు కాదత్తా ఇది,” అని అత్త వైపు తిరిగింది నేత్రావతి. “ఒకరి కోడి తీర్చేకి ఇంగొకరి కోడి పట్టుకొచ్చినట్లు. ఈరేశన్న పోయేపొద్దుకు మళ్లా ఇదే పంచాయితీ కదా? ఒక మాట ఇంట్లో మామనడిగి...”

“అడిగేదేముండాది? మీ మామ అరుగు మీద కూర్చున్న దినాలు నువ్వు చూసినావా? నేను చూసినా. ఊరుకో.”

నేత్రావతి ఊరుకుంది. పెళ్లయి వచ్చేనాటికి ఆ ఇంట్లో గొర్రెలున్నాయి. అత్త అంటున్న రోజులను ఆమె నిజంగానే చూడలేదు.

ఈరేశ్ భోజనాల వేళ దాటాక స్కూటర్ మీద వచ్చాడు. మర్యాదస్తుడు. ఇల్లు బయట నుంచి చూసే ఉన్నానన్నాడు. రేపు కాగితం రాసుకుందాం, ఇప్పటికి ఇది ఉంచండమ్మా అని పదివేలు ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంకెవరికీ మాటియ్యరు కదమ్మా?”

“ఇల్లు నీదే అనుకోప్పా. నేను చెప్తాండా కదా.”

నోట్లను మడిచి, నడుముకు దోపుకునే ఆకువక్క సంచిలో అడుగున పెట్టుకుంది.

తిరుమణి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దగ్గరపడే కొద్దీ రోడ్డుకు రెండు పక్కలా నీలం పలకలు బారులు తీరాయి. హనుమంతమ్మకు వాటి మీద ఎప్పుడూ కోపం లేదు, ఇష్టమూ లేదు. ఈరోజు వాటినీ నవ్వుముఖంతోనే చూసింది. ఇంటికి వెళ్లగానే ఆయనకు ఎలా చెప్పాలా అని మనసులో మాటలు పేర్చుకుంది. ముందు కాసేపు ఊరించాలి. తరువాత, నీ గొర్రెలు యాడికీ పోవప్పా అని చెప్పాలి. 

* * *

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. మేత నుంచి గొర్రెలు తిరిగొచ్చే వేళ. దొడ్డి వైపు నుంచి ఒక్క గొర్రె అరుపే వినిపించింది. మిగిలినవి ఇంకా రాలేదనుకుంది.

పాపన్న నడవలో కూర్చుని సంగటి తింటున్నాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పొద్దున వదిలేసిన ముద్దనే ఊరిబిండి పచ్చడి నంజుకుంటూ తృప్తిగా తింటున్నాడు.

“వస్తిరా? రాండి. ఓబులేశుడు డ్యూటీకి పాయ.”

“గొర్రెలేవి?” అంది హనుమంతమ్మ.

“కుంటిది ఒకటే ఉండాది. బేరగాడు దాన్ని వద్దన్యాడు.”

ఆమె దొడ్డి గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చింది.

“అమ్మేసినావా?”

“అమ్మేసినా. తక్కువ పడినదానికి ఓబులేశుడు వాని చీటీ లెక్క ఏసినాడు. ఇద్దరమూ బండి మీద పావగడకు పోయి చందనప్ప చేతికిచ్చేసినాం. మీరు నాగప్ప అంగట్లో ఉంటిరేమో అప్పుడు. ఫోన్ చేయొద్దని నేనే అన్యా, ఇంటికొచ్చినాక నేనే చెప్తానని.” చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి నేల మీద పెట్టాడు. “రేపు పోతారంట, ఒక తాళంచెవి ముందే ఇచ్చినారు. ఆ పిల్ల ఏడిసింది. ఎందుకేడిసిందో నాకు తెలీలేదు. మంచి పిల్ల.”

నేత్రావతి తాళంచెవి వైపు, అత్త నడుము దగ్గరున్న సంచి వైపు చూసి, నీళ్లు తెచ్చే నెపంతో లోపలికి వెళ్లిపోయింది.

హనుమంతమ్మ మొగుడి ఎదురుగా కూలబడింది. ఆమె గొంతులో కోపం, ఏడుపు రెండూ కలిసిపోయాయి.

“పొద్దున అంత అరిస్తివే! లీజంటే లీజే అంటివే! అంతలోనే ఏమాయ నీకు?”

పాపన్న చేయి కడుక్కుని తీరిగ్గా తుడుచుకున్నాడు.

“కంచె కాడ కూర్చున్యా. గొర్రెలు కంచె కింద గడ్డి లాక్కుంటాండాయి. లోపల మన చేను. ఇదీ మన చెనక్కాయ మడి, అదీ రాళ్ల గట్టు అని చూసుకుంటాంటి. అప్పుడు తోచింది. నేనూ లీజుకే ఇచ్చినా కదే చేను? గడువు తీరినాక నా చేను నాకిస్తారనే కదా ఇచ్చినా?”

“అవును.”

“ఆ పొద్దుకు నేనుండను. ఓబులేశుడు ముసలోడయ్యి పోయి, మా చేను మాకియ్యండప్పా అని అడుగుతాడు. ఏం చేను? లీజంటే లీజే, చేతికిచ్చినాక మాదే కదా అని వాళ్లంటే?”

“అట్లెందుకంటారులేప్పా.”

“నేనన్యా కదే. పొద్దున్నుంచి నేనన్నది ఆ మాటే.”

 హనుమంతమ్మ ఈ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసి, ఈయన్ను చిన్నపిల్లాడిలా కాపాడుకోవాలని పావగడ దాకా పరుగెత్తింది. ఈయనేమో కంచె పక్కన ఒక్కడే కూర్చుని, ఎవరూ చెప్పకుండానే తేల్చుకుని వచ్చాడు. గర్వంగానే ఉంది. అంతకంటే ఎక్కువ భయంగా ఉంది.

“మరి రేపట్నుంచి ఏం చేస్తావు?” అంది మెల్లగా.

“చూద్దాం. కింది వాటాకు గచ్చెయ్యల్ల, నేనే కలిపి ఏస్తా. పైది నెల బాడిగకిద్దాం. కొంచెమైనా మనదై ఉంటాది. లీజు మాట ఇంగ మన ఇంట్లో ఒద్దు.” దొడ్డి వైపు చూశాడు. అంతసేపూ నిబ్బరంగా ఉన్న ముఖం ఒక్క క్షణం చెదిరింది. “ఆ బేరగాడు రేపు పొద్దున దాకా నాగలమడకలోనే ఉంటాడంట. టెంపోలో ఎక్కించేటప్పుడు ఆ నల్లమొగం గొర్రె నన్నే చూస్తాండె.”

రేపు పొద్దున దాకా. ఈరేశ్ డబ్బు రేపు పొద్దున్నే వస్తుంది, దాంతో గొర్రెలను తిరిగి కొనొచ్చు. నాగలమడక ఎంత దూరం? ఒక్క మాట చెబితే చాలు, మధ్యాహ్నానికల్లా దొడ్డి నిండిపోతుంది. ఆ ఒక్క మాట హనుమంతమ్మ నాలుక చివరనే ఉంది. మింగలేకపోతోంది, కక్కలేకపోతోంది. ఇల్లు నీదే అనుకోమని అక్కడొక మాట ఇచ్చి వచ్చింది. లీజు మాట ఒద్దని ఇక్కడ ఈయన అంటున్నాడు.

దొడ్డిలో కుంటి గొర్రె మళ్లీ అరిచింది.

“దినమంతా నోరు చప్పగుండాది,” అన్నాడు పాపన్న. “ఒక ఆకూ వక్కా ఇయ్యే.”

ఆమె కదల్లేదు. సంచి మీద చేయి వేసుకుని అలాగే కూర్చుంది. అలసిపోయి ఉంటుందిలే అనుకుని ఆయనే చేయి చాచి, చనువుగా సంచి లాక్కుని, ముడి విప్పాడు. ఆకు కోసం అడుగు దాకా వేళ్లు పోనిచ్చాడు. ఆకులతో పాటు మడత పెట్టిన నోట్లు బయటికొచ్చాయి.

పాపన్న వాటిని దీపం వెలుగులోకి తిప్పి చూశాడు.

“యాడిదే ఇంత లెక్క?”

“అడ్వాన్సు.”

“దేనికి?”

హనుమంతమ్మ తల వంచుకుంది.

“లీజుకు.”

పాపన్న నోట్లను మళ్లీ ఉన్న మడతనే మడిచాడు. వాటిని తాళంచెవి పక్కన, తనకూ ఆమెకూ మధ్య నేల మీద పెట్టాడు. కోప్పడలేదు. ఆ రెండింటినీ మార్చి మార్చి చూసి, తలెత్తి, తెలియనిదేదో తెలుసుకోగోరే మనిషిలా అడిగాడు.

“ఏ లీజే?”